కోనసీమ చెట్లలో చేవ

చెక్కుచెదరని గట్టిదనానికి పురాణాలు ‘వజ్రం’ అనే మాటను స్థిరపరిస్తే, కలపతో బతుకు కట్టుకున్న తెలుగు పల్లె ‘చేవ’ అనే మాటను నిలుపుకొన్నది. ఏ రాయీ గీత పెట్టలేని వజ్రం కూడా తగిన తలం మీద సుత్తి దెబ్బ పడితే చీలిపోతుంది. చేవ తేలిన దూలమో, బరువుకు కొద్దిగా వంగినా విరగక తరాల పాటు ఇంటికప్పును మోస్తుంది. విరగనితనానికి ఈ రెండో మాటే తగినది.

టేకు, మద్ది వంటి చెట్లలో నీటిని పైకి చేరవేసే లోపలి కణాలు వయసు మళ్ళాక ఆ పని మాని, తైలాలతో, వగరు పదార్థాలతో నిండి, కాండం నడుమ ముదురు రంగు చెక్కగా మారతాయి. చెదకు, తేమకు తేలికగా లొంగని ఆ చెక్కే చేవ. ఆ అర్థమే మనిషికీ వ్యాపించి, సమర్థుణ్ణి చేవ గలవాడనీ, సత్తువ ఉడిగినవాణ్ణి చేవ చచ్చినవాడనీ అనడం వాడుక అయింది.

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ గోదావరి ఒండ్రుతో ఏర్పడిన కోనసీమ రాళ్ళు దొరికే నేల కాదు కనుక అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల పాత ఇళ్ళలో తాటి దూలాలకు, వాసాలకు ఎంతో ప్రాధాన్యం ఉండేది. విశేషమేమంటే తాడిలోనూ కొబ్బరిలోనూ చేవ ఉండే చోటు తారుమారవుతుంది: నీటిని, ఆహారాన్ని మోసే నాళాల కట్టలు, వాటిని అంటిపెట్టుకున్న గట్టి నారలు కాండం అంచున దట్టంగా, నడుమ పలచగా ఉంటాయి కాబట్టి గట్టిదనం వెలుపల, మెత్తదనం లోపల చేరుతుంది. తాటిమాను లోపలి భాగాన్ని తొలిచి దోనె చేసుకున్న పూర్వుల నేర్పుకు ఆధారం ఈ నిర్మాణమే.

కొబ్బరిలో అంచు చెక్క ఘనమీటరుకు 600 కిలోలకు పైగా తూగితే, నడిమి చెక్క 400 కిలోలకు లోపే ఉంటుంది. పైగా చెట్టు ముదిరేకొద్దీ కణాల గోడలు మందమెక్కడం వల్ల మొదలు దగ్గరి అంచు అన్నిటికన్నా గట్టిపడుతుంది. 1996 నవంబరు 6 నాటి తుఫానుకు కోనసీమలో కొబ్బరితోటలు విపరీతంగా నేలకూలాయి. కూలిన చెట్టునైనా, కాపు ఉడిగిన చెట్టునైనా మొత్తంగా వంటచెరకు చేయకుండా, మొదలు వైపు అంచు పలకలను వేరుగా కోయించి, ఆరబెట్టి, చెదమందు పట్టించి వాడుకోవాలని రైతులు గుర్తించాలి.