తుపాకికి లేని తండ్రి సమ్మతి

1916లో ఇంగ్లండు ప్రభుత్వము 18 ఏండ్ల కుఱ్ఱవానిని నిర్బంధముగా సైన్యములో చేర్చుకొనుటకు వాని తండ్రి నడుగలేదు. ఆ కుఱ్ఱవాడే వలచిన పిల్లను పెండ్లాడవలెనన్న మాత్రము, 21 ఏండ్లు నిండువఱకు తండ్రి సమ్మతి కావలెను. 1753 నాటి హార్డ్విక్ ప్రభువు చట్టముతో బిగిసిన కట్టడి యది.

తమాషా యేమనగా, 1916 జనవరి సైనిక చట్టము మొదట కోరినది అవివాహితులనే! హడావుడి పెండ్లిండ్లతో తప్పించుకొందురని కాబోలు, 1915 నవంబరు 2 నాటి స్థితినే లెక్కించిరి. మే నెలలో వివాహితులను గూడ చేర్చిరి.

సమ్మతి దొరకనిచో నష్టపడునది పిల్ల. భార్యయైనచో ఆమెకు భత్యము, భర్త కూలినచో పింఛను వచ్చును. కానిచో మరణవార్త సైతము వాని తల్లిదండ్రుల గడపకే చేరును; ఆమె పొరుగువారి నోట వినవలసినదే.

సరిహద్దు దాటి స్కాట్లండులోని గ్రెట్నా గ్రీన్‌కు పోయినచో తండ్రితో పనిలేదు. కాని 1856 చట్టము ననుసరించి ఇద్దరిలో నొకరైన నచట 21 దినములు నివసించియుండవలెను. సెలవుపై వచ్చిన సైనికునికి అంత వ్యవధి యెక్కడిది? పిల్లయే ముందుగా ఇల్లు విడువవలెను.

తండ్రి నిరాకరించినచో న్యాయస్థానమున మొఱపెట్టుకొను వీలు 1925లో కలిగినది. 21 ఏండ్ల హద్దు 18కి దిగినది 1970 జనవరి 1న. నిర్బంధ సైనికులలో చివరివారు అప్పటికి ఆఱేండ్లకు పైగా క్రిందటనే ఇండ్లకు చేరియుండిరి.