ఇల్లు కొనుటకు ఇ.సి. ఒక్కటే చాలునా?

ఇల్లు కొనువారు పలువురు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం నుండి ఋణభార ధ్రువపత్రం (ఇ.సి.) తెచ్చుకొని, అందులో తాకట్టు కనబడనిచో వెంటనే బయానా ఇచ్చివేయుచున్నారు. అయితే ఈ పత్రం రిజిస్టరైన లావాదేవీలను మాత్రమే చూపును. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58(ఎఫ్) ప్రకారం, ప్రభుత్వం ప్రకటించిన పట్టణంలో హక్కు దస్తావేజులను బ్యాంకు వద్ద ఉంచి ఋణం పొందుట కూడ తాకట్టే. దానికి అన్ని సందర్భాలలో రిజిస్ట్రేషను అవసరం లేనందున అది ఇ.సి.లో కానరాకపోవచ్చును.

కావున అసలు దస్తావేజులను స్వయంగా చూడవలెను. జిరాక్సు ప్రతులు చూపి, “అసలు కాగితాలు మా అన్నగారి వద్ద ఉన్నవి” అనువారికి ఒక్క రూపాయి అయినను ఇవ్వరాదు. మధ్యవర్తులు కూడ ఈ ప్రశ్న ముందే అడుగుట మేలు. ఇంటిపన్ను రసీదు హక్కు పత్రం కాదు. 2011లో ఏర్పడిన ‘సెర్సాయి’ కేంద్ర రిజిస్ట్రీలో రుసుము చెల్లించి, బ్యాంకులు నమోదు చేసిన తాకట్లను వెదకవచ్చును.

ఋణమున్నంత మాత్రాన అమ్మకం ఆగదు. దానిని దాచుటయే చిక్కు. విక్రేత తన బాకీ వివరం బ్యాంకు నుండి వ్రాతపూర్వకంగా తెచ్చి చూపవలెను. కొనువారు ఆ మేరకు సొమ్మును నేరుగా ఋణఖాతాకే జమ చేయుట ఉభయులకు క్షేమం. బాకీ పూర్తిగా తీరిన 30 రోజులలోగా దస్తావేజులు తిరిగి ఇవ్వవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించినది. బ్యాంకు వలన జాప్యం జరిగినచో ఋణగ్రహీతకు రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లింపవలసియుండును.