హామ్ రేడియో కేంద్రం (హైదరాబాదు)

లైసెన్సు పొందిన వ్యక్తులు లాభాపేక్ష లేకుండా తమ సొంత వైర్‌లెస్ పరికరాలతో పరస్పరం సంభాషించుకునే అభిరుచిని ఔత్సాహిక రేడియో లేదా హామ్ రేడియో అని అంటారు. ఈ అభిరుచి కలవారిని హామ్‌లు అని పిలుస్తారు. మొబైల్ ఫోను పనిచేయాలంటే టవర్లు, ఎక్స్ఛేంజీలు, వాటికి నిరంతర విద్యుత్తు ఉండాలి. హామ్ కేంద్రానికి ఒక ట్రాన్సీవరు, ఒక యాంటెన్నా, ఒక బ్యాటరీ, వాటిని వాడటం తెలిసిన మనిషి ఉంటే చాలు. ఇతర వ్యవస్థలన్నీ కూలిపోయినప్పుడు ఈ అభిరుచి అత్యవసర సేవగా మారడానికి కారణం ఇదే.

చరిత్ర

భారతదేశంలో ఔత్సాహిక రేడియో 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తాతో మొదలైంది. 1983లో హైదరాబాదులో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఏర్పడింది. మూసీ నదికి ఉత్తరాన, సోమాజిగూడలోని రాజ్‌భవన్ రోడ్డులో ఈ సంస్థ ఉంది. దీని కేంద్రం పిలుపు సంకేతం వీయూ2ఎన్ఆర్ఓ. హామ్‌ల కోసం ఇస్రో నిర్మించిన 42.5 కిలోల హామ్‌శాట్ ఉపగ్రహాన్ని 2005 మే 5న శ్రీహరికోట నుండి ప్రయోగించారు. ఇది 2014 జూలై వరకు పనిచేసింది.

2004 డిసెంబరులో హైదరాబాదు సంస్థకు చెందిన బృందం భారతి ప్రసాద్ (వీయూ2ఆర్‌బీఐ) నాయకత్వంలో పోర్ట్ బ్లెయిర్ నుండి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడుతూ ఉంది. డిసెంబరు 26న సునామీ వచ్చి టెలిఫోన్లు మూగబోయాయి. అభిరుచి కోసం తీసుకువెళ్ళిన ఆ పరికరాలే అండమాన్ దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య సమాచార వారధి అయ్యాయి. దీవులలోని వారి క్షేమసమాచారం వారి బంధువులకు ఈ మార్గంలో చేరింది.

లైసెన్సు

ప్రసారం చేయడానికి కేంద్ర ప్రభుత్వ కమ్యూనికేషన్ల శాఖ ఇచ్చే లైసెన్సు తప్పనిసరి. 1978 నాటి నియమావళిలో కనీస వయసును 12 సంవత్సరాలుగా నిర్ణయించారు. పరీక్షలో రేడియో సిద్ధాంతం, నిబంధనలు అనే రెండు భాగాలు ఉంటాయి. గతంలోని నాలుగు శ్రేణులను తరువాత జనరల్, రిస్ట్రిక్టెడ్ అనే రెండు శ్రేణులుగా కుదించారు. రిస్ట్రిక్టెడ్ శ్రేణికి మోర్స్ పరీక్ష లేదు. జనరల్ శ్రేణివారి పిలుపు సంకేతాలు వీయూ2తోను, రిస్ట్రిక్టెడ్ శ్రేణివారివి వీయూ3తోను మొదలవుతాయి.

ఇంటి కేంద్రం

పాతబస్తీలో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, గల్లీలు ఇరుకు. కనుక ఇక్కడి కొత్త హామ్‌కు ట్రాన్సీవరు ఎంపిక కంటే యాంటెన్నాకు చోటు వెతకడమే పెద్ద సమస్య. 7 మెగాహెర్ట్జ్ బ్యాండుకు వాడే అర్ధతరంగ డైపోల్ తీగ పొడవు దాదాపు 20 మీటర్లు. ఈ తీగ మధ్యభాగాన్ని డాబాపై నిలిపిన 7, 8 మీటర్ల గొట్టానికి కట్టి, రెండు కొసలను పిట్టగోడల వైపు వాలుగా దించితే 14 నుండి 17 మీటర్ల నిడివి సరిపోతుంది. అంత చోటు కూడా లేనివారు 14 మెగాహెర్ట్జ్ బ్యాండుకు 10 మీటర్ల తీగను కట్టుకోవచ్చు.

తక్కువ ఎత్తులో ఉన్న యాంటెన్నా పనికిరాదని చాలామంది భావిస్తారు. కానీ 7 మెగాహెర్ట్జ్ వద్ద అటువంటి తీగ నుండి వెలువడే తరంగాలు చాలావరకు నిటారుగా పైకి వెళ్ళి, అయనోస్ఫియరు నుండి తిరిగి కొన్ని వందల కిలోమీటర్ల పరిధిలో దిగుతాయి. పగటిపూట హైదరాబాదు నుండి కోస్తా జిల్లాలతో మాట్లాడటానికి ఇది అనువైన పద్ధతి.

కేబుల్ నాణ్యత కూడా ముఖ్యమే. 145 మెగాహెర్ట్జ్ వద్ద 15 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్‌లో దాదాపు సగం శక్తి వేడిగా వృథా అవుతుంది. యాంటెన్నాను కరెంటు తీగల మీద పడే వీలు లేనంత దూరంలో కట్టాలి. ఉరుముల వేళ కేబుల్‌ను ట్రాన్సీవరు నుండి తొలగించాలి.

విద్యుత్తు

100 వాట్ల ట్రాన్సీవరుకు 13.8 వోల్టుల సరఫరా అవసరం. వినేటప్పుడు ఒకటి రెండు ఆంపియర్లు తీసుకునే ఈ పరికరం ప్రసారం చేసేటప్పుడు సుమారు 20 ఆంపియర్లు తీసుకుంటుంది. శక్తిని 100 నుండి 25 వాట్లకు తగ్గించినా అవతలివారికి సంకేతం 6 డెసిబెల్స్, అంటే మీటరుపై ఒక్క గీత మాత్రమే తగ్గుతుంది. బ్యాటరీ మాత్రం ఎక్కువసేపు నిలుస్తుంది. అందుచేత అనుభవజ్ఞులు అవసరమైనంత శక్తినే వాడతారు.

సంచార కేంద్రం

నగరంలోని సంభాషణలకు 144–146 మెగాహెర్ట్జ్ బ్యాండును ఎక్కువగా వాడతారు. 5 వాట్ల చేతి సెట్టు కొత్తవారికి చవకైన ఆరంభం. అయితే దట్టమైన కాంక్రీటు గోడల మధ్య దాని పరిధి బాగా తగ్గుతుంది, డాబా ఎక్కితే పెరుగుతుంది. ఎత్తైన చోట ఉంచిన రిపీటరు బలహీన సంకేతాన్ని అందుకుని మరింత శక్తితో తిరిగి ప్రసారం చేస్తుంది. కారులో అయితే పైకప్పు మధ్యలో సుమారు అర మీటరు పొడవున్న కడ్డీ యాంటెన్నాను అమర్చుతారు. కారు లోహపు కప్పు ఆ యాంటెన్నాకు రెండవ సగంగా పనిచేస్తుంది. విద్యుత్తును ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీ నుండి తీసుకోవాలి.

సంసిద్ధత

1908 సెప్టెంబరు 28న మూసీ వరదలు నగరాన్ని ముంచెత్తాయి. 2020 అక్టోబరు వర్షాలకు ఫలక్‌నుమా వద్ద అల్ జుబైల్ కాలనీ నీట మునిగింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వల్ల విశాఖపట్నంలో మొబైల్ సేవలు స్తంభించాయి. ఇటువంటి వేళ పరికరం ఉన్నంత మాత్రాన ప్రయోజనం లేదు. సందేశాన్ని క్లుప్తంగా చెప్పడం, అవతలివారు చెప్పినది రాసుకుని తిరిగి చదివి సరిచూడటం, ఇతరుల సంభాషణకు అడ్డురాకుండా ఆగడం మామూలు రోజులలోనే అలవాటు కావాలి. పోర్ట్ బ్లెయిర్ బృందానికి సునామీకి ముందు జరిపిన వేలాది సంభాషణలు అటువంటి అభ్యాసమే అయ్యాయి.