టైమింగ్ చైన్ సౌండేనా?

బళ్లారి నుంచి సండూరు దారిలో ఇనుప ఖనిజం లారీ వెనక కాసేపు బండి నడిపితే చొక్కా రంగు మారిపోతుంది. ఆ దుమ్మునే ఇంజన్ కూడా పీలుస్తుంది. ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, సరిగ్గా కూర్చోకపోయినా సన్నటి దుమ్ము సిలిండర్ గోడల మీదుగా ఆయిల్లోకి దిగుతుంది. టైమింగ్ చైన్‌ను అరగదీసేది ఆ ఆయిలే. ఆలూరు, రాయదుర్గం వైపు నుంచి బళ్లారికి వచ్చిపోయే బండ్లకూ ఈ బాధ తప్పదు. 1953లో బళ్లారి జిల్లా తాలూకాలను రెండు రాష్ట్రాలకు పంచారు గానీ, దుమ్మును పంచడం ఎవరి తరమూ కాలేదు.

వెనక చక్రాన్ని తిప్పే చైన్ వేరు, టైమింగ్ చైన్ వేరు. ఇంజన్ లోపల క్రాంక్ మీది చిన్న పళ్లచక్రాన్నీ, హెడ్‌లో క్యామ్ మీది పెద్ద పళ్లచక్రాన్నీ కలిపే సన్నటి చైన్ ఇది. పెద్దదానికి పళ్లు రెట్టింపు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. వాల్వులు వేళకు తెరుచుకోవడం, మూసుకోవడం ఈ లెక్క మీదే నడుస్తాయి. పాత బుల్లెట్లలో ఈ చైనే లేదు, గేర్లూ పుష్‌రాడ్లూ ఆ పని చేసేవి. అదే కంపెనీ 2020లో మీటియోర్‌తో తెచ్చిన 350 ఇంజన్‌లో మాత్రం చైన్ పెట్టారు.

వాడగా వాడగా ప్రతి లింకులో పిన్ను వెంట్రుకవాసి అరుగుతుంది. లింకులన్నీ కలిసేసరికి చైన్ పొడుగవుతుంది. ఆ వదులును టెన్షనర్ ఎప్పటికప్పుడు లాక్కుంటూ వస్తుంది. దాని హద్దు దాటాక చైన్ ఊగి పక్క గోడకు రాసుకుంటుంది. పొద్దున్నే కిక్ కొట్టగానే, లేదా నడుస్తూ యాక్సిలరేటర్ వదిలినప్పుడు కరకరమని వినిపించేది అదే. టాపెట్ సౌండ్ అలా ఉండదు, పైనుంచి టిక్ టిక్ మని ఒకే తీరుగా వస్తుంది. వీధి షాపుల్లో చాలామంది వినీ వినగానే 'టైమింగ్ చైన్ పోయింది' అనేస్తారు. ముందు ఆయిల్ ఎంతుందో, టాపెట్ గ్యాప్ ఎంతుందో చూడమనండి. ఈ రెండింటితోనే సౌండ్ పోయిన బండ్లు బోలెడు.

అప్పటికీ తగ్గకపోతే అసలు పరీక్ష ఉంది. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే స్ప్లెండర్‌నే తీసుకుందాం. ఇంజన్ చల్లబడ్డాక ప్లగ్ విప్పి, ఎడమవైపు మాగ్నెట్ కవర్ మీది మూతలు తీసి, క్రాంక్‌ను స్పానర్‌తో అపసవ్యంగా మెల్లగా తిప్పాలి. మాగ్నెట్ మీది 'టి' గుర్తు కేసు మీది గాటుకు ఎదురుగా రాగానే ఆపాలి. రెండు వాల్వులూ వదులుగా ఉన్న చుట్టు అయి ఉండాలి సుమా. ఇప్పుడు హెడ్ ఎడమ పక్కనున్న గుండ్రటి మూత తీసి చూస్తే, క్యామ్ పళ్లచక్రం మీది గుర్తు హెడ్ మీది గాటుకు సూటిగా ఉండాలి. కాస్త వెనకబడి ఉంటే చైన్ పొడుగైనట్టే. పూర్తిగా ఒక పన్ను తేడా ఉంటే మాత్రం అది అరుగుదల కాకపోవచ్చు, ఎవరో తప్పుగా బిగించి ఉంటారు. ఈ పరీక్ష పది నిమిషాల పని. ఇది చూపించకుండా డబ్బు అడిగే షాపులో బండి వదలకపోవడమే మంచిది.

మార్చేటప్పుడు చైన్ ఒక్కటే వేస్తే సగం పనే. గైడు రబ్బర్లు, రోలరు గాడులు పడి ఉంటే కొత్త చైన్ కూడా త్వరగా పోతుంది. పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే చక్రాలూ మార్చాల్సిందే. టెన్షనర్ ఒక్కటే మార్చి సౌండ్ ఆపేస్తామనే మాట నమ్మొద్దు. కొన్నాళ్లకు అదే సౌండ్ మళ్లీ వస్తుంది, రెండోసారి విప్పిన కూలీ మీ నెత్తినే పడుతుంది.

పనిలో జాగ్రత్త అంతా రెండు చోట్ల, విప్పేటప్పుడూ, బిగించాకా. క్యామ్ చక్రం విప్పేముందు టెన్షనర్ బిగువు తీసేసి, చైన్ లోపలికి జారిపోకుండా తీగతో కట్టాలి. మాగ్నెట్‌ను సుత్తితో కొట్టకూడదు, దానికి పుల్లర్ ఉంది. అన్నీ బిగించాక వెంటనే కిక్ కొట్టకుండా క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడాలి. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే బలం పెట్టొద్దు. వాల్వు పిస్టన్‌కు తగులుతూ ఉండొచ్చు, వంగిందంటే హెడ్ విప్పాల్సి వస్తుంది.

విప్పిన పాత చైన్ అడిగి తీసుకోండి. అడ్డంగా తిప్పి ఒక కొసన పట్టుకుంటే, అరిగినది కొత్తదానికంటే బాగా కిందికి వంగుతుంది. ఇక చైన్‌ను అరగదీసే ఆ ఆయిల్ సంగతి. స్ప్లెండర్ ఇంజన్‌లో కాగితపు ఆయిల్ ఫిల్టర్ ఉండదు. కుడివైపు క్లచ్ పక్కన గుండ్రంగా తిరిగే ఫిల్టర్‌లో మడ్డి పేరుకుంటుంది, అడుగున జాలీ ఉంటుంది. మాగ్నెట్ వైపు పనికి ఆ వైపు విప్పరు కాబట్టి అడగకపోతే ఎవరూ ముట్టుకోరు. ఆ కవర్ కూడా తీయించి, మడ్డి గీకించి, కొత్త ఆయిల్ పోయించండి. ఎంతా, లీటరు కూడా పట్టదు.