చల్లదనం వెనుక చదువు

చింతలపూడి మెట్టలో ఎండలు ముదిరితే ఏసీ మెకానిక్కుకు చేతినిండా పని. దిగువన ఆకివీడు, కైకలూరుల్లో ఐసు లేనిదే చేపల లారీ కదలదు. ఇంత పని ఉండగా, అబ్బాయి ఎవరి వెంటనైనా తిరిగి నేర్చుకుంటే చాలదా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. చేతి నేర్పు అలా వస్తుంది, నిజమే. ప్రమాదం ఎక్కడుందో మాత్రం తెలియదు.

రాగి గొట్టంలో లీకును నైట్రోజన్ నింపి పరీక్షించాలి. వెల్డింగు సిలిండరు దగ్గరే ఉంది కదా అని ఆక్సిజన్ ఎక్కిస్తే, కంప్రెసరులోని నూనెతో కలిసి పేలవచ్చు. పాత ఆర్-22 వాయువుకు నిప్పు అంటుకొనే భయం లేదు. అయితే ఓజోన్ పొరకు చేటు గనుక 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద అది క్రమంగా తొలగిపోతోంది. దాని స్థానంలో వచ్చిన ఆర్-32 కొంతవరకు మండుతుంది. ఆర్-290 అసలు ప్రొపేనే! ఐసు ఫ్యాక్టరీల అమ్మోనియా సంగతి చెప్పనే అక్కరలేదు.

ఐటీఐలలో ఈ కోర్సు రెండేళ్ళు. పదో తరగతి ప్యాసైతే చేరవచ్చు. ఈ రంగంలో లక్షమంది సర్వీసు టెక్నీషియన్లకు శిక్షణ, ధ్రువీకరణ ఇవ్వాలని 2019లో కేంద్రం తన శీతలీకరణ ప్రణాళికలో లక్ష్యంగా పెట్టుకుంది. అబ్బాయిని చేర్చే ముందు తండ్రి ఒకసారి వర్క్‌షాపులోకి వెళ్ళి చూడాలి: వాక్యూమ్ పంపు, నైట్రోజన్ సిలిండరు, వాయువును తిరిగి పట్టే యంత్రం ఉన్నాయా, వాటిని విద్యార్థుల చేతికి ఇస్తున్నారా?