గుండె ఆపరేషన్ అయిన బిడ్డకు కొబ్బరి నీళ్లు పట్టొచ్చా?

చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో ఏ బిడ్డకైనా గుండెలో రంధ్రం ఉందంటే బీజాపూర్ రోడ్డెక్కి హైదరాబాద్ పోవాల్సిందే. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి ఖర్చు గండం చాలామందికి గడుస్తోంది. ఆపరేషన్ బాగా జరిగిందన్న డాక్టరే మర్నాడు ‘కిడ్నీ కాస్త దెబ్బతింది’ అంటే మాత్రం ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. అక్కడే అపోహలు మొదలవుతాయి.

అపోహ: ఆపరేషన్‌లో ఏదో పొరపాటు జరిగింది.
ప్రతిసారీ కాదు. గుండెను ఆపి కుట్లు వేస్తున్నంతసేపూ రక్తాన్ని యంత్రమే తిప్పుతుంది. ఆ సమయంలో కిడ్నీలకు రక్తం సరిగా అందకపోవచ్చు, ఎర్రకణాలు కొన్ని చితికిపోతాయి. పసికందులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. అమెరికా, కెనడాల్లో గుండె ఆపరేషన్ అయిన 311 మంది పిల్లలను గమనించి 2011లో వెలువరించిన అధ్యయనంలో 42 శాతం మందికి కిడ్నీ దెబ్బతింది. చాలామందిలో అది కొద్ది రోజుల్లో సర్దుకునేదే.

అపోహ: కొబ్బరి నీళ్లు, బార్లీ నీళ్లు పడితే కిడ్నీ కడిగినట్టవుతుంది.
అన్నిటికన్నా నాకు భయం వేసేది ఇదే, ఎందుకంటే ప్రేమతో చేసే పని. ఐసీయూ బయట కొబ్బరి బోండాంతో నిలబడ్డ అమ్మమ్మను ఎవరు తప్పుపడతారు? కానీ కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. మూత్రం సరిగా రాని బిడ్డ ఒంట్లో అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూ వచ్చు. నీళ్లు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. అందుకే నర్సులు పాలు కూడా కొలిచి పడతారు, డైపర్ తూకం వేస్తారు. పది కిలోల బిడ్డకు ఆరు గంటల్లో 30 మిల్లీలీటర్ల మూత్రమైనా రాకపోతే అది హెచ్చరికే. కిడ్నీ దెబ్బను చూపించే క్రియాటినిన్ రక్తంలో పెరగడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు, అందుకే మూత్రం లెక్క అంత ముఖ్యం.

అపోహ: కిడ్నీని కాపాడే ఇంజెక్షన్ ఉంటుంది, డాక్టర్లు వేయడం లేదు.
అలాంటిది ఇంకా తేలలేదు. లాసిక్స్ మూత్రం తెప్పిస్తుంది తప్ప కిడ్నీకి కవచం కాదు. బీపీ పడిపోకుండా చూడటం, రంగు మందు ఎక్కించి చేసే పరీక్షకూ ఆపరేషన్‌కూ వీలైనంత ఎడం ఇవ్వడం, కిడ్నీని దెబ్బతీయగల జెంటామైసిన్, అమికాసిన్ లాంటి మందులను ఆచితూచి వాడటం... నివారణంటే ఇవే.

అపోహ: డయాలసిస్ మొదలైతే జీవితాంతం తప్పదు.
పసిపిల్లలకు పొట్టలో సన్నటి గొట్టం పెట్టి చేసేది చాలావరకు కొద్ది రోజుల ముచ్చటే.

ఇంటికొచ్చాక జ్వరమనో నొప్పనో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ముందు ఆపరేషన్ సంగతి చెప్పండి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఈ కిడ్నీలకు పడవు. నిమెసులైడ్‌నైతే 12 ఏళ్లలోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు. డాక్టర్ రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపొద్దు. గుండె కోసం ఎనాలాప్రిల్ మందు వాడే బిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అదే రోజు ఆస్పత్రికి ఫోన్ చేయాలి. కిడ్నీ దెబ్బతిన్న పిల్లలకు మూడు నెలలకోసారి బీపీ, మూత్రం, క్రియాటినిన్ చూపించమని డాక్టర్ రాస్తే, బిడ్డ ఆడుకుంటోంది కదా అని మానేయకండి.