చెవిలో ఆగని మోత

ముందే ఒక మాట. నేను ఒకటో క్లాసు నుంచి ఇంగ్లీష్ మీడియం. పదో తరగతి పరీక్ష తర్వాత తెలుగులో ఇంత పొడుగ్గా రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి. ఈ విషయం మాత్రం తెలుగులోనే రాయాలనిపించింది. ఎందుకంటే ఇంగ్లీషులో వంద పేజీలు చదివినా అర్థం కానిది, మా నాన్న అన్న రెండు మాటలతో అర్థమైంది.

పోయిన ఏడాది ఒక ఫెస్ట్‌లో డీజే బాక్సుల ముందు రెండు గంటలు గంతులేశాం. రూమ్‌కి వచ్చి పడుకున్నాక రెండు చెవుల్లోనూ సన్నగా 'కీ' అని ఒకటే మోత. కుక్కర్ విజిల్ వేసేముందు సన్నగా కూస్తుంది చూడండి, అలాంటిది. పొద్దున్నకి పోతుందిలే అనుకున్నా. పోలేదు. వారం తర్వాత కూడా పోలేదు.

మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఏమని చెప్పాలి? రూమ్మేట్‌ని "నీకేమన్నా వినిపిస్తోందా?" అని అడిగితే నా వైపు వింతగా చూసింది. రాత్రి రెండింటికి ఫోన్‌లో వెతకడం, చదివిన ప్రతిదానికీ భయపడటం, తెల్లారి క్లాసులో తూగడం. మిడ్స్‌లో ఓఎస్ పేపర్ ముందు కూర్చుని ప్రశ్న చదవకుండా ఆ కూతే విన్నా.

చివరికి అమ్మ నెల్లూరులో ఒక ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆడియోగ్రామ్ తీశారు. వినికిడి దాదాపు బాగానే ఉంది, 4,000 హెర్ట్జ్ దగ్గర గ్రాఫ్ మాత్రం కాస్త కిందికి దిగింది. "దీన్ని టిన్నిటస్ అంటారు. పూర్తిగా తీసేసే మందు ఇంకా లేదు. అలవాటు పడతావమ్మా" అన్నారు. ఆ చివరి మాట నాకు "నీ ఖర్మ" అన్నట్టే వినిపించింది. బస్సులో ఊరు వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నా.

అసలు లోపల ఏం జరుగుతుంది?

మన లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం ఒకటి ఉంటుంది. కాక్లియా అంటారు. అందులో ఒక్కో చెవికి సుమారు 15,000 సన్నటి వెంట్రుక కణాలు ఉంటాయి. శబ్దం వచ్చినప్పుడు అవి కదిలి, ఆ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చి మెదడుకి పంపుతాయి. పెద్ద శబ్దానికి ఇవి దెబ్బతింటాయి. కోళ్ళకి పోయినవి మళ్ళీ వస్తాయి. మనుషులకి రావు.

కొన్ని కణాలు దెబ్బతింటే మెదడుకి ఆ ఫ్రీక్వెన్సీలో ఇన్‌పుట్ తగ్గుతుంది. ఆన్‌లైన్ క్లాసులో అందరూ మ్యూట్‌లో ఉన్నప్పుడు లెక్చరర్ మైకు తనంతట తానే సెన్సిటివిటీ పెంచుకుని ఫ్యాను హోరు కూడా వినిపించేస్తుంది కదా. ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్. మెదడు కూడా అలాగే వాల్యూమ్ పెంచుతుందనీ, అప్పుడు తన సొంత నరాల సందడే శబ్దంగా వినిపిస్తుందనీ శాస్త్రవేత్తలు ఎక్కువగా చెప్పే వివరణ. అంటే ఆ 'కీ' బయట ఎక్కడా లేదు. అలాగని నేను ఊహించుకున్నదీ కాదు.

నాకు కొంచెం ధైర్యం ఇచ్చిన విషయం ఇంకొకటి. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు వినికిడి మామూలుగా ఉన్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి ఏం వినిపిస్తోందని అడిగారు. 94 శాతం మంది ఏదో ఒకటి వినిపిస్తోందన్నారు! అంటే ఈ సందడి కొద్దో గొప్పో అందరిలోనూ ఉంది. మరి కొందరికే అది నరకం ఎందుకవుతుంది?

"ఏ మోత?"

మా ఊరు మైపాడు దగ్గర. ఇంటి వెనకే మా రొయ్యల గుంటలు. రాత్రంతా ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. పగలు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే తిరిగి వాడేసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైంలో ఏరేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలతాయి, ఆర్నెల్ల అప్పు నెత్తిన పడుతుంది.

సెలవుల్లో ఒక రాత్రి మూడింటికి నేను మామూలుగానే మేలుకుని నా కూత వింటూ పడుకున్నా. బయట ఏరేటర్ల మోత, దాని వెనక సముద్రం హోరు, పక్క మంచం మీద నాన్న గురక. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగాయి. అంతే, గురక కూడా ఆగింది. నేను కళ్ళు తెరిచేలోపే నాన్న టార్చ్ పట్టుకుని జనరేటర్ వైపు పరిగెత్తుతున్నాడు.

తిరిగొచ్చాక నన్ను చూసి "ఏంది పాపా, ఇంకా మేలుకోనే ఉండావా?" అన్నాడు.

"అంత మోతలో నీకు నిద్రెలా పడుతుంది నాన్నా?"

"ఏ మోత?" అన్నాడు. నిజంగానే అర్థం కాలేదు ఆయనకి. కాసేపాగి, "ఓ, అదా. అది తిరుగుతుంటే అంతా బాగున్నట్టే గదా. ఆగితేనే భయం" అని దుప్పటి కప్పుకున్నాడు.

ఆ రాత్రి నాకు బల్బు వెలిగింది. నాన్న చెవులు నిద్రలో కూడా పనిచేస్తున్నాయి, లేకపోతే ఆగిన వెంటనే ఎలా లేస్తాడు? కాకపోతే ఆయన మెదడు ఆ మోత పక్కన 'భయం లేదు' అని రాసిపెట్టుకుంది. నేను నా కూత పక్కన 'ప్రమాదం' అని రాసుకున్నా. ప్రమాదం అనుకున్నదాన్ని మెదడు ఒక్క క్షణం కూడా వదలదు, అది దాని డ్యూటీ. ఇరవై నాలుగు గంటలూ "ఉందా? పెరిగిందా?" అని చెక్ చేసి, రోజూ ఆ రాతని నేనే గట్టి చేశా.

తర్వాత చదివితే తెలిసింది, 1990లో పావెల్ జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రవేత్త దాదాపు ఇదే చెప్పాడు. బాధ శబ్దం పెద్దదవడం వల్ల కన్నా, అది మెదడులో భయానికి సంబంధించిన భాగాలతో ముడిపడటం వల్ల వస్తుందని. ఆ ముడి వదులైతే శబ్దం ఉన్నా బాధ తగ్గుతుంది. డాక్టర్ చెప్పిన 'అలవాటు' ఇదే. నేను దాన్ని ఓడిపోవడం అనుకున్నా.

నాకు పనికొచ్చినవి

చెవిలో మోత మొదలైతే ముందు డాక్టర్‌కి చూపించండి. ఒక్కోసారి గులిమి గట్టిపడినా, కొన్ని మందుల వల్లా వస్తుంది. ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు లయగా వినిపించినా తప్పకుండా చెప్పండి. ఉన్నట్టుండి వినికిడి తగ్గితే మాత్రం ఆ రోజే వెళ్ళండి, ఆలస్యమైతే తిరిగి రాకపోవచ్చు. వేడి నూనెలు పోసుకోవద్దు.

రాత్రి పూర్తి నిశ్శబ్దంలో పడుకోవద్దు. ఫ్యాన్ చాలు. నేను హాస్టల్లో సముద్రం రికార్డింగ్ పెట్టుకుంటా, కూత కన్నా కొంచెం తక్కువ సౌండ్‌తో. దాన్ని ముంచేయాలని కాదు, పక్కన తోడుకి. ఫోన్‌లో వెతకడం మానేశా. భయం మరీ ఎక్కువగా ఉన్నవాళ్ళకి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే కౌన్సెలింగ్ ఉంది. బాధ తగ్గించడంలో ఇప్పటివరకు మంచి ఆధారాలున్నది దానికే.

ఇంకా రానివాళ్ళకి ఒక లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైం సగమవుతుంది. ఏడు సార్లు సగం చేయండి. 101 దగ్గర మిగిలేది 19 నిమిషాలు, అదీ వారం మొత్తానికి. డీజే బాక్స్ ముందు రెండు పాటలకే సగం అయిపోతుంది. దూరంగా నిలబడండి, ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, ఎవరు నవ్వినా సరే.

బీథోవెన్ 1801లో తన డాక్టర్ స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, చెవుల్లో రాత్రీ పగలూ హోరు ఉందనీ, తనకు చెవుడని చెప్పుకోలేక జనంలోకి వెళ్ళడమే మానేశాననీ చెప్పుకున్నాడు. అంతటివాడే దాచుకున్నాడు. నేను దాచుకున్న మూడు వారాలే నాకు అన్నిటికన్నా కష్టంగా గడిచాయి.

ఇప్పుడు పోయిందా అంటే, లేదు. ఇది రాస్తున్నంతసేపూ వినిపిస్తూనే ఉంది, దాని గురించే రాస్తున్నా కాబట్టి. నాన్నలాగా "ఏ మోత?" అనేంత దూరం ఇంకా రాలేదు. చెడ్డ రాత్రులు ఇప్పటికీ ఉన్నాయి, పరీక్షల ముందు మరీ. కానీ నిన్న ల్యాబ్‌లో ఒక బగ్ వెతుకుతూ కూర్చుంటే మూడు గంటలు గడిచాయి. బయటికొచ్చాకే గుర్తొచ్చింది నాకు అలాంటిదొకటి ఉందని.

మీలో ఎవరికైనా ఇలా ఉంటే ఒంటరిగా వింటూ కూర్చోకండి. ఎవరో ఒకరికి చెప్పండి. ఎవరూ దొరక్కపోతే సీఎస్ఈ సెకండియర్‌లో నేనున్నా.